నాన్నకు నచ్చిన కికింగ్ బర్డ్

గ్రాహం గ్రీన్ అనగానే చదువరులకు ఇంగ్లిష్ నవలా రచయిత గుర్తొస్తాడు. నేను రాస్తున్నది అదే పేరున్న కెనడా నటుడి గురించి. ఒనైడా తెగకు చెందిన ఆదివాసి. 2025 సెప్టెంబర్ 1న, 73 ఏళ్ళ వయసులో, ఒంటారియోలోని స్ట్రాట్‌ఫర్డ్‌లో పోయారు. పేరు చెబితే ఎవరని అడిగేవాళ్ళు కూడా ఫోటో చూపిస్తే "అరె, ఈయనా! చాలా సినిమాల్లో చూశామే" అంటారు. క్యారెక్టర్ ఆర్టిస్టుల సంగతి ఎక్కడైనా ఇంతే. మొహం అందరికీ తెలుసు, పేరు కొందరికే తెలుసు. ఆ పేరు ఇంకో నలుగురికి తెలియాలని ఇది రాస్తున్నాను.

నాకు ఆయన్ని పరిచయం చేసింది ఒకరకంగా మా నాన్నే. నాన్నది తెనాలిలో చిన్న ఉద్యోగం, సాయంత్రమైతే నాటకాల రిహార్సళ్ళు. పరిషత్తు పోటీలంటే సెలవు పెట్టి మరీ వెళ్ళేవాడు. ఇంగ్లిష్ అంతంతమాత్రం. తొంభైల చివర్లో మా ఇంటికి కేబుల్ వచ్చాక రాత్రిపూట ఇంగ్లిష్ సినిమాల ఛానెల్ పెట్టుకుని, సౌండ్ తగ్గించి, నటుల మొహాలు చూస్తూ కూర్చునేవాడు. అమ్మ విసుక్కునేది, "అర్థం కాని సినిమా ఏం చూస్తారండీ" అని. "మాటలు అర్థం కాకపోతేనే నటన బాగా కనపడుతుంది" అనేవాడు.

అలా ఒక రాత్రి 'డాన్సెస్ విత్ వుల్వ్స్' వచ్చింది. 1990 నాటి సినిమా. కెవిన్ కాస్ట్‌నర్ హీరో, దర్శకుడు కూడా. అమెరికా అంతర్యుద్ధం రోజుల్లో ఒక తెల్ల సైనికుడు ఎవరూ లేని పాడుబడ్డ కోటలో ఒంటరిగా కాపురం పెడతాడు. చుట్టుపక్కల లకోటా తెగవాళ్ళు ఉంటారు. వాళ్ళ పెద్దల్లో ఒకరు, పూజలూ వైద్యమూ తెలిసిన మనిషి, కికింగ్ బర్డ్. ఆ పాత్రే గ్రీన్ వేసింది. వాళ్ళు లకోటాలో మాట్లాడుకుంటుంటే కింద ఇంగ్లిష్‌లో అక్షరాలు పడతాయి. నాన్న కోసం నేను అవి చదివి తెలుగులో చెబుతున్నాను. కాసేపయ్యాక నాన్న చెయ్యి అడ్డం పెట్టి, "ఆయన ఉన్నప్పుడు చదవకురా, చూడనీ" అన్నాడు.

ఆ సీను నాకు ఇప్పటికీ ముక్క ముక్కా గుర్తుంది. ఇద్దరు లకోటాలు సైనికుడి దగ్గరికి వచ్చి కూర్చుంటారు. ఇటు మాట అటు తెలీదు, అటు మాట ఇటు తెలీదు. అడవి దున్నల మందలు ఇటువైపు వస్తున్నాయా అని అడగాలి ఆ సైనికుడు. ఎలా అడగాలో తెలియక నేల మీద వంగి, వీపు మీద మూపురం పెట్టుకుని, వేళ్ళు కొమ్ముల్లా పెట్టి అటూ ఇటూ పాకుతాడు. పక్కనున్న యోధుడు, రాడ్నీ గ్రాంట్ వేసిన పాత్ర, వీడికి మతిపోయిందని తేల్చేస్తాడు. కెమెరా గ్రీన్ మొహం మీదికి వస్తుంది. మొదట అయోమయం. తర్వాత ఒక చిన్న అనుమానం కళ్ళల్లో. పెదాలు కదిలీ కదలకుండా ఏదో అనుకుంటాడు. అప్పుడు వెలుగుతుంది మొహం. "తతంకా!" అంటాడు. తన మాట ఆ సైనికుడికి ఇచ్చి, అతని మాట తను తీసుకుని, "బఫ్‌లో" అని నోట్లో తిప్పి చూసుకుంటాడు. ఒక మనిషి ఇంకో మనిషిని అర్థం చేసుకోవడం మొదలుపెట్టిన క్షణం అది. అంతా ఆ మొహం మీదే జరిగింది.

"చూశావా, తన డైలాగు ఎప్పుడొస్తుందా అని కాచుకుని లేడు. అవతలివాడిది వింటున్నాడు. ఈయన స్టేజి మీంచి వచ్చినవాడు, రాసిపెట్టుకో" అన్నాడు నాన్న. పరిషత్తులో ఆయనకి ఎప్పుడూ ఉన్న ఫిర్యాదు అదే. కుర్రాళ్ళు ఎదుటివాడు మాట్లాడుతుంటే తమ మాట కోసం ఊపిరి పట్టుకుని నిలబడతారు తప్ప వినరు అని. ఆ తర్వాత చాన్నాళ్ళు మా ఇంట్లో రిహార్సల్ జరిగినప్పుడల్లా కికింగ్ బర్డ్ ప్రస్తావన వచ్చేది. సినిమా చూడనివాళ్ళక్కూడా ఆ పేరు తెలిసిపోయింది.

నాన్న అన్నది నిజమేనని నాకు చాలా ఏళ్ళ తర్వాత, ఇంటర్నెట్ చేతికొచ్చాక తెలిసింది. గ్రీన్ నిజంగానే నాటకాల మనిషి.

ఆయన పుట్టింది 1952 జూన్ 22న, ఒంటారియోలోని ఓష్వెకెన్‌లో. గ్రాండ్ రివర్ ఒడ్డున ఉన్న సిక్స్ నేషన్స్ రిజర్వ్‌లోని (ఆదివాసులకు కేటాయించిన ప్రాంతంలోని) ఊరు అది. కెనడాలో జనాభా పరంగా అతిపెద్ద ఆదివాసి రిజర్వ్ అదే. మోహాక్, ఒనైడా, కయూగా, సెనెకా, ఒనొండాగా, టస్కరోరా అనే ఆరు జాతుల వాళ్ళు కలిసి ఉంటారు. ఈ ఒక్క చోటి నుంచి సినిమాలకు ఎంతమంది వెళ్ళారో తెలిశాక నాకు భలే ఆశ్చర్యం వేసింది. పాత 'లోన్ రేంజర్' టీవీ సీరియల్‌లో హీరో పక్కన టోంటోగా వేసిన జే సిల్వర్‌హీల్స్ అక్కడివాడే, మోహాక్. గ్యారీ ఫార్మర్ కూడా ఓష్వెకెన్‌లోనే పుట్టాడు, కయూగా. ఫార్మర్, గ్రీన్ ఇద్దరూ 1989లో 'పావ్‌వావ్ హైవే' అనే సినిమాలో ఉన్నారు. ఫార్మర్‌ది ప్రధాన పాత్ర, గ్రీన్‌ది చిన్న వేషం.

నటనలోకి వచ్చే ముందు గ్రీన్ చెయ్యని పని లేదు. డ్రాఫ్ట్స్‌మన్‌గా డ్రాయింగులు గీశాడు, ఉక్కు పనికి వెళ్ళాడు, రాక్ బ్యాండ్‌ల వెంట తిరిగి సౌండ్ పని చూశాడు. 1974లో టొరంటోలో ఆదివాసుల కోసం నడిచిన నాటక శిక్షణ పూర్తిచేశాడు. అక్కడి నుంచి స్టేజి. టీవీలో 1979లో తొలి వేషం, సినిమాలో 1983లో. కికింగ్ బర్డ్ వచ్చేటప్పటికి ఆయనకి ముప్ఫై ఎనిమిది. రాత్రికి రాత్రి దొరికిన అదృష్టమేమీ కాదది. దానికి ముందు ఏడాదే, క్రీ తెగ రచయిత తామ్సన్ హైవే రాసిన 'డ్రై లిప్స్ ఆటా మూవ్ టు కపస్కేసింగ్' నాటకానికి టొరంటోలో డోరా మేవర్ మూర్ అవార్డు అందుకున్నాడు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. తొలి రోజుల్లో స్క్రిప్టులు ఎలా ఉండేవో ఆయన తర్వాత ఇంటర్వ్యూల్లో చెప్పాడు. ఆదివాసి పాత్ర అంటే నవ్వకూడదు, మొహం రాయిలా పెట్టాలి, ముక్కుతూ మూలుగుతూ ముక్కలు ముక్కలుగా మాట్లాడాలి. లోపలికి అడుగు పెట్టడానికి కొన్నాళ్ళు ఆయన కూడా అలాగే చేశాడట. కానీ తను పెరిగిన చోట అలా ఉండేవాళ్ళని ఒక్కరినీ చూడలేదనీ, తన జనానికి ఉన్నంత హాస్యం ఇంకెవరికీ ఉండదనీ అన్నాడు. ఆయన మొత్తం కెరీర్‌ని నేను ఈ మాటల వెలుగులోనే చూస్తాను. ఎవరి దగ్గర్నించి నవ్వు లాగేసుకున్నారో వాళ్ళకి ఆయన నవ్వు తిరిగి ఇచ్చాడు. కోపం, చిరాకు, అసూయ, కొంటెతనం, మొండితనం, మనుషులకి ఉండేవన్నీ ఇచ్చాడు.

మనవైపు చూస్తే కూడా ఇది తగులుతుంది. మన తెలుగు సినిమాల్లో దశాబ్దాల పాటు గిరిజన గూడెం అంటే ఆకులు, ఈకలు, నిప్పు చుట్టూ అర్థం లేని కేకలు. గోండులకీ కోయలకీ చెంచులకీ సవరలకీ తేడా లేదు. ఆ వేషాలు వేసేది కూడా వాళ్ళు కాదు. ఒక ఆదిలాబాద్ గోండు కుర్రాడు మన సినిమాలో పోలీస్ ఇన్‌స్పెక్టర్‌గానో జడ్జిగానో కనపడి, అతని తెగ ప్రస్తావనే రాకుండా సినిమా నడిచిపోయిన సందర్భం నాకు గుర్తురావడం లేదు. గ్రీన్ అలాంటివి వేశాడు. 1995లో వచ్చిన 'డై హార్డ్ విత్ ఎ వెంజన్స్'లో న్యూయార్క్ డిటెక్టివ్ జో లాంబర్ట్ ఆయనే. ఆ పాత్ర ఏ తెగవాడని ఎవరూ అడగరు. 2017లో 'మాలీస్ గేమ్'లో జడ్జి.

కికింగ్ బర్డ్ దగ్గరికి మళ్ళీ వస్తాను, ఆ పాత్ర వెనక శ్రమ చిన్నది కాదు కనక. గ్రీన్‌ది ఒనైడా, ఇరోక్వాయన్ కుటుంబపు భాష. లకోటా సూ కుటుంబానిది. రెండిటికీ చుట్టరికం లేదు. అంటే ఆయనకీ అది మనకెంత పరాయిదో అంత పరాయి భాషే. రోజ్‌బడ్ రిజర్వేషన్‌లోని (అమెరికాలో రిజర్వ్‌ని అలాగే అంటారు) కాలేజీలో లకోటా నేర్పే డోరిస్ లీడర్ చార్జ్ అనే పెద్దావిడ డైలాగులు అనువదించి, నటులందరికీ పలకడం నేర్పింది. సినిమాలో చిన్న వేషం కూడా వేసింది. నేర్చుకున్న భాషలో డైలాగు అప్పజెప్పడం వేరు, ఆ భాషలో భార్యతో తగువు పడుతూ, సంకోచిస్తూ, మాట వెతుక్కుంటూ ఉన్నట్టు కనపడడం వేరు. ఆ సినిమాలో ఆయన భార్యగా టాంటూ కార్డినల్ వేసింది. వాళ్ళిద్దరి సీన్లు చూడండి, ఏ మధ్యతరగతి ఇంట్లోనైనా జరిగేవే.

1991 మార్చిలో ఆస్కార్లు. ఆ సినిమాకి 12 నామినేషన్లు, 7 అవార్డులు. రచయిత మైకేల్ బ్లేక్ అవార్డు తీసుకుంటుంటే ఆయన మాటల్ని డోరిస్ లీడర్ చార్జ్ పక్కన నిలబడి లకోటాలో చెప్పింది. గ్రీన్‌కి సహాయ నటుడి నామినేషన్ వచ్చింది. అవార్డు 'గుడ్‌ఫెలాస్'కి జో పెషీ తీసుకెళ్ళాడు. దాంతో నాకు తగాదా లేదు, పెషీ కూడా అద్భుతంగా చేశాడు. 'డాన్సెస్ విత్ వుల్వ్స్' కూడా చివరికి ఒక తెల్లవాడి కళ్ళతో చెప్పిన కథే అని విమర్శ ఉంది, అది న్యాయమైన విమర్శే. అయినా అందులో నాకు మిగిలింది కాస్ట్‌నర్ కాదు, గ్రీన్.

నా మటుకు ఆయన అసలైన విశ్వరూపం 1992 నాటి 'థండర్‌హార్ట్'. దర్శకుడు మైకేల్ ఆప్టెడ్. సౌత్ డకోటాలోని పైన్ రిడ్జ్ రిజర్వేషన్‌లో డెబ్బైల్లో జరిగిన హత్యలూ గొడవల నేపథ్యంతో అల్లిన కథ. అదే ఏడాది ఆప్టెడ్ ఆ సంఘటనల మీద ఒక డాక్యుమెంటరీ కూడా తీశాడు. వాల్ కిల్మర్ ఎఫ్‌బీఐ ఏజెంట్. రక్తంలో ఆదివాసి వాటా ఉన్నా ఆ మూలాలు పట్టనట్టు పెరిగినవాడు. గ్రీన్ అక్కడి ట్రైబల్ పోలీస్, పేరు వాల్టర్ క్రో హార్స్. మోటార్ సైకిల్ మీద తిరుగుతుంటాడు. ఒక చోట కిల్మర్ కారు ఆపి స్పీడు ఎక్కువైందంటాడు. రాడార్‌తో చూశావా అంటే, గాలి చెప్పింది అంటాడు, అదీ ఎంత స్పీడో అంకెతో సహా. ఆదివాసి అంటే గాలితో మాట్లాడతాడు, నేలతో మాట్లాడతాడు అని సినిమాలు కట్టిన భ్రమంతా ఆ ఒక్క జవాబులో తేలిపోతుంది. చమత్కారం ఏమిటంటే అదే క్రో హార్స్ నిజంగానే మట్టిలో అడుగుజాడలు చదవగలడు. ఆ చదువు పోలీసు బుర్రతో చదువుతాడు.

ఇంకో సీను ఉంది. కిల్మర్‌కి ఒక దర్శనం లాంటిది కలుగుతుంది. అది విని క్రో హార్స్ మండిపడతాడు. ఏళ్ళ తరబడి ఇక్కడే ఉండి ఎదురుచూసినా కొందరికి దక్కనిది, నిన్నగాక మొన్న రోలెక్స్ వాచీతో, కొత్త బూట్లతో, పైగా ఎఫ్‌బీఐ నుంచి వచ్చిన నీకు దొరుకుతుందా అని. ఆ కోపంలో అసూయ ఉంది, బాధ ఉంది, అడుగున నవ్వు కూడా ఉంది. మూడూ ఒకే గొంతులో. నేను ఆ సీనుని వెనక్కి తిప్పి తిప్పి చూశాను. పవిత్రమైన విషయం మాట్లాడుతూ కూడా పీఠం ఎక్కకుండా ఉండడం ఎంత కష్టమో నాటకం వేసినవాళ్ళకి తెలుస్తుంది.

1991లో 'క్లియర్‌కట్' అని కెనడా సినిమా వచ్చింది. అడవులు నరికే కంపెనీ, కోర్టులో ఓడిపోయిన ఆదివాసుల తరఫు లాయరు, ఆ మిల్లు మేనేజర్‌ని ఎత్తుకుపోయే ఆర్థర్ అనే మనిషి. ఆర్థర్ గ్రీనే. కికింగ్ బర్డ్‌ని చూసి ఇష్టపడ్డవాళ్ళు ఈ మొహం చూస్తే జడుసుకుంటారు. 1994 నాటి 'మావెరిక్' దీనికి పూర్తిగా ఎదురు కొస. అందులో ఆయన, డబ్బిచ్చే ఒక రష్యన్ దొరగారి సరదా కోసం రంగులు పూసుకుని "అసలైన ఇండియన్" నాటకం ఆడే జోసెఫ్. హాలీవుడ్ తన జనానికి తగిలించిన వేషాన్నే వేషంగా వేసి చూపించాడు. రెండూ వేసింది ఒకే మనిషా అనిపిస్తుంది.

1999లో 'ది గ్రీన్ మైల్'. అందులో ఆయనది ఉరికంబం లాంటి ఎలక్ట్రిక్ కుర్చీ ఎక్కబోయే ఖైదీ, ఆర్లెన్ బిటర్‌బక్. నిడివి చూస్తే కొద్ది నిమిషాలే. చివరి గంటల్లో జైలు అధికారి టామ్ హ్యాంక్స్‌తో మాట్లాడతాడు. చేసిన తప్పుకి మనస్ఫూర్తిగా పశ్చాత్తాపపడితే, తను బతుకులో అన్నిటికన్నా సుఖంగా ఉన్న కాలానికి తిరిగి వెళ్ళి అక్కడే ఉండిపోవచ్చా, స్వర్గమంటే అదేనా అని అడుగుతాడు. పద్దెనిమిదేళ్ళప్పుడు తనకో పడుచు భార్య ఉండేదనీ, మొదటి ఎండాకాలం కొండల్లో గడిపామనీ, మంట వెలుగులో తెల్లవార్లూ కబుర్లు చెప్పుకునేవాళ్ళమనీ చెబుతాడు. ఏడుపు లేదు. గొంతు పెంచడం లేదు. హ్యాంక్స్ లాంటి నటుడు అక్కడ వినేవాడి స్థానంలో ఉండి, చక్కగా విన్నాడు. అది చూసేసరికి నేను హైదరాబాద్‌లో ఉద్యోగంలో ఉన్నాను. ఆ రాత్రే తెనాలికి ఫోన్ చేసి నాన్నకి చెప్పాను, "మన కికింగ్ బర్డ్ ఇందులో ఉన్నాడు, వేస్తే వదలకండి" అని. తర్వాతెప్పుడో టీవీలో వచ్చినప్పుడు చూసి, "మూడు గంటల సినిమాలో నాకు ఆ కాసేపే చాలురా" అన్నాడు.

2002లో క్రిస్ ఐర్ తీసిన 'స్కిన్స్' గురించి ఎక్కడా ఎక్కువగా మాట్లాడరు. దర్శకుడూ ఆదివాసే. మళ్ళీ పైన్ రిడ్జ్. ఇద్దరన్నదమ్ములు. తమ్ముడు పోలీస్, ఎరిక్ ష్వైగ్ వేశాడు. అన్న మోగీ వియత్నాం యుద్ధం నుంచి వచ్చి తాగుడుకి బానిసైనవాడు. తాగుబోతు ఆదివాసి అనేది అక్కడ ఇంకో అరిగిపోయిన బొమ్మ. గ్రీన్ ఆ బొమ్మనే చేతిలోకి తీసుకుని దానికి ప్రాణం పోశాడు. మోగీ తూలతాడు, బూతులాడతాడు, కొడుకు ముందు సిగ్గుపడతాడు, జోకులేస్తాడు. అతను చేసే జోకులకి నవ్వుతూనే ఉంటాం, కడుపులో ఏదో మెలిపెడుతూ ఉంటుంది. ఆయన కెరీర్‌లో నిజమైన ప్రధాన పాత్ర దొరికిన కొద్ది సినిమాల్లో ఇదొకటి. ఇలాంటివి ఇంకో పది దక్కవలసిన నటుడు.

స్టేజిని ఆయన వదల్లేదు. 2007లో స్ట్రాట్‌ఫర్డ్ ఫెస్టివల్‌లో, ఉత్తర అమెరికాలో షేక్‌స్పియర్ నాటకాలకు పెట్టింది పేరైన చోట, 'మర్చెంట్ ఆఫ్ వెనిస్'లో షైలాక్ వేశాడు. అదే సీజన్లో 'ఆఫ్ మైస్ అండ్ మెన్'లో లెనీ. అవమానాలు దిగమింగి పగ పట్టిన ముసలివాడొకరు, తన బలం తనకే తెలియని అమాయకుడొకరు. ఆ వార్త పేపర్లో చదివి నాన్నకి చెబితే ఆయన మొహం చూడాలి. షైలాక్ వెయ్యాలని ఆయనకి కోరిక ఉండేది.

టీవీలో చేసినవి లెక్కలేనన్ని. అన్నీ నేను చూడలేదు. చివరి దశలో వచ్చినవి మాత్రం వదలకుండా చూశాను. 2017 నాటి 'విండ్ రివర్' సినిమాలో ట్రైబల్ పోలీస్ చీఫ్. మంచులో, వందల మైళ్ళ రిజర్వేషన్‌కి గుప్పెడు పోలీసులతో నెట్టుకొచ్చేవాడు. అదనపు బలగాలు రావాలని అడిగిన కుర్ర ఏజెంటుకి, ఇక్కడ ఎవరూ రారు, నీకు నువ్వే అని చెప్పే తీరులో ఎన్నేళ్ళ అలసట ఉందో. నా మేనల్లుడికి ఆయన 'రెడ్ డెడ్ రిడెంప్షన్ 2' అనే వీడియో గేమ్‌లో రెయిన్స్ ఫాల్ అనే తెగ పెద్దగా తెలుసు. గొంతు వినగానే "మామయ్యా, ఈయన నా గేమ్‌లో తాత" అన్నాడు. మూడు తరాలు మూడు దారుల్లో ఒకే నటుడి దగ్గరికి చేరాం.

2023లో 'రిజర్వేషన్ డాగ్స్' మూడో సీజన్లో మాక్సిమస్ అనే ఒంటరి ముసలాయనగా వచ్చాడు. వంకాయలు పండించుకుంటూ, నక్షత్రాల నుంచి మనుషులొస్తారని నమ్మేవాడు. ఆ సీరియల్ రాసిందీ తీసిందీ నటించిందీ ఎక్కువగా ఆదివాసులే. మొహం రాయిలా పెట్టమన్న రోజుల నుంచి వచ్చిన మనిషి, తన జనమే నడిపే సెట్లో పిచ్చివాడిలా, ప్రేమగా, స్వేచ్ఛగా నటించడం చూస్తే నాకు ఎంత ఆనందం వేసిందో చెప్పలేను.

అదే ఏడాది 'ది లాస్ట్ ఆఫ్ అజ్' ఆరో ఎపిసోడ్. లోకం నాశనమైపోయాక మంచు కొండల్లో ఒక చెక్క ఇల్లు. ముసలి మొగుడూ పెళ్ళాం, గ్రీన్, ఎలైన్ మైల్స్. తుపాకీ పట్టుకుని హీరో ఇంట్లో కూర్చుని ఉంటాడు. ఆ తుపాకీని ఇద్దరూ ఈగని చూసినట్టు చూస్తారు. వచ్చినవాళ్ళకి సూప్ ఎందుకు పోశావని ముసలాయన పెళ్ళాం మీద విసుగు. పడమటికి వెళ్ళడానికి మంచి దారేదని హీరో అడిగితే, తూర్పుకి వెళ్ళు అంటాడు. ఒక్క నవ్వు లేకుండా అంటాడు, చూసే మనకి నవ్వాగదు.

2015లో కెనడా ప్రభుత్వం ఆర్డర్ ఆఫ్ కెనడా ఇచ్చింది. 2025లో, పోవడానికి కొన్ని నెలల ముందు, గవర్నర్ జనరల్ పెర్ఫార్మింగ్ ఆర్ట్స్ జీవిత సాఫల్య పురస్కారం వచ్చింది. ఆస్కార్ రాలేదు. 2019లో ఇంకో ఆదివాసి నటుడు వెస్ స్టూడీకి గౌరవ ఆస్కార్ ఇచ్చినప్పుడు, తర్వాత వరసలో గ్రీన్ ఉంటాడని ఆశపడ్డాను. ఇచ్చి ఉండాల్సింది.

చూడనివాళ్ళు మొదట 'థండర్‌హార్ట్' చూడండి, ఆ తర్వాత 'స్కిన్స్'. కుదిరితే ఒకదాని వెంట ఒకటి చూడండి. రెండూ పైన్ రిడ్జ్ కథలే, ఒకదాంట్లో ఆయన పోలీస్, రెండోదాంట్లో పోలీసు తమ్ముడికి తలనొప్పి అయిన అన్న. ఇంట్లో నాటకాలు వేసే పిల్లలుంటే వాళ్ళనీ కూర్చోబెట్టండి. ఆయన మాట్లాడుతున్నప్పుడు సరే, ఎదుటివాళ్ళు మాట్లాడుతున్నప్పుడు ఆయన మొహం చూడమనండి.